చెయ్యి వదిలిన డిసెంబరు

డిసెంబరు 3, 1981

పొద్దున్న మళ్ళీ వచ్చింది. ముందు ఎడమ చెవి బిగుసుకుపోవడం, లోపల రైలు కూత... ఆ వెంటనే గది తిరగడం. మంచం కోడు పట్టుకుని నేల మీదే పడుకున్నాను. మధ్యాహ్నం దాకా వాంతులు. లిల్లీ బకెట్టు తెచ్చి పక్కన పెట్టింది. తడిగుడ్డ నుదుటి మీద వేసింది. తన జడ తనే వేసుకుని బడికి పోయింది. ఎనిమిదేళ్ళ పిల్ల. జడ వంకరగా ఉంది — అది చూసి ఏడ్చాను, తిరుగుడుకి కాదు.

డిసెంబరు 4

పక్కింటి పైడమ్మ గోడ మీంచి తొంగిచూసి — "వాంతులంట కదే రత్నం? విశేషమేటి?" పెళ్ళయిన ఇన్నేళ్ళకి! కాదు, తల తిరుగుడే అన్నాను. "ఎన్నాళ్ళే ఆ తిరుగుడు. మందేసుకోవా?"

వేసుకుంటున్నాను. నాలుగేళ్ళుగా. ఇది చెవి లోపలి జబ్బు, వస్తూ పోతూ ఉంటుంది, పూర్తిగా పోదు, ఉప్పు మానెయ్యమ్మా అన్నాడు డాక్టరు. నేను ఉప్పు మానేశాను. జబ్బు నన్ను మానలేదు.

డిసెంబరు 6, ఆదివారం

చర్చిలో నిలబడి ప్రార్థన. అందరూ కళ్ళు మూసుకుంటారు. నేను మూసుకుంటే పడిపోతాను — కాళ్ళ కింద నేల ఎక్కడుందో నాకు కళ్ళే చెప్పాలి. తెరిచే ఉంచాను. పాస్టరమ్మగారు ఒక కన్ను తెరిచి నా వంక చూశారు.

బయటికొచ్చాక లిల్లీ నా కొంగు పట్టుకుని — "పెద్దమ్మా, ఈసారి గౌను కుట్టించకు. షాపులో ఏలాడదీస్తారు సూడు, అలాటిది కొను. తెల్లది." మరిది పోయి, వాళ్ళమ్మ వేరే పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయాక మా దగ్గరికి వచ్చిన పిల్ల. ఇన్నాళ్ళలో నోరు తెరిచి ఏదైనా అడగడం ఇదే మొదలు.

సరే అన్నాను. ఎలా అన్నానో.

డిసెంబరు 9

హార్బర్‌లో ఓడ ఉందట. మా ఆయనకి సరుకు ఎత్తి దించే వించి మీద వరస డ్యూటీలు. "ఆగే, బజారుకి నాను తీస్కెళ్తాను." పోయిన ఏడూ ఇలాగే ఆగాం. ఓడ వెనక ఓడ వచ్చింది. పండగ నాడు లిల్లీకి పాత గౌనే ఇస్త్రీ చేసి తొడిగాం. అది ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

డిసెంబరు 10

వెళ్ళగలనో లేదో చూసుకుందామని రైల్వే గేటు అవతలి కిరాణాకి ఒక్కదాన్నే బయల్దేరాను. గేటు పడింది. ఇనప రాయి మోసుకెళ్ళే గూడ్సు. ఎర్రటి దుమ్ముతో పెట్టె వెనక పెట్టె, పెట్టె వెనక పెట్టె... కదిలేది బండో నేనో తెలియదు. స్తంభం పట్టుకుని నా చెప్పులనే చూస్తూ నిలబడ్డాను. వెనకాల ఎవరో — "పొద్దున్నే ఏసీసినట్టుంది." ఇంకెవరో నవ్వారు.

బెల్లం, రవ్వ తెచ్చాను. పడలేదు.

డిసెంబరు 12

ఈ రోజు నేల నేలలాగే ఉంది.

డిసెంబరు 15

పొద్దుటి నుంచీ తేలిగ్గా ఉంది. చెవిలో కూత లేదు. ఆయన డ్యూటీకి వెళ్ళిపోయాడు. లిల్లీ బడి నుంచి రాగానే పూర్ణా మార్కెట్‌కి వెళ్దాం. రిక్షాలో వెళ్ళి రిక్షాలో వచ్చెయ్యడమే. భయం ఎందుకు.

డిసెంబరు 17

రెండు రోజులుగా రాయలేదు.

మొన్న బజారులో ముందు అంతా బాగానే ఉంది. ఎడమ చెవి నాకు వినపడదని లిల్లీకి తెలుసు, కుడివైపే నడుస్తుంది. కాగితం నక్షత్రాలు పైన వేలాడదీశారు. నేను తల ఎత్తి చూడలేను కదా, లిల్లీయే ఎంచుకుంది. ఎర్రది, తోక ఉన్నది. ఆ తర్వాత బట్టల కొట్టు. గౌన్లు చూపించమంటే కొట్టాయన ముందు తానులు విప్పడం మొదలుపెట్టాడు. "సూడండమ్మా, ఇది సూడండి, ఇది..." పచ్చ, గులాబీ, గళ్ళు, చారలు — ఒకదాని మీద ఒకటి దొర్లుకుంటూ నా మీదికి. "ఆపండి బాబూ" అన్నాను. అప్పటికే కూత. గాలి కోసం లిల్లీ చెయ్యి పట్టుకుని మెట్లు దిగాను. పండగ జనం. ఎవరి భుజమో తగిలింది. బజారంతా పక్కకి ఒరిగిపోయింది.

కాలవ పక్కన పడి ఉన్నాను. చేతిలో చెయ్యి లేదు.

"ఒలమ్మా, తాగీసిందేటి?" "ఆడకూతురు రా..." "పండగ ముందరే మొదలెట్టీసినారు." లిల్లీ అని అరవబోతే వాంతి వచ్చింది. లేద్దామంటే నేల ఎటువైపుందో తెలియదు. అందరి కాళ్ళ మధ్య మోకాళ్ళ మీద పాకాను. అది పిలుస్తూనే ఉందేమో. ఎటునుంచి పిలిచినా నాకు ఒక్కవైపు నుంచే వినిపిస్తుంది.

పూలమ్మే ముసలామె నన్ను గోడకి చేరేసి కూర్చోబెట్టింది. "గుంట ఏ రంగు గౌనేసుకుంది? సెప్పమ్మా, బేగి సెప్పు."

గుర్తు రాలేదు. నేనే తొడిగాను. గుర్తు రాలేదు.

దీపాలు పెట్టే వేళకి దొరికింది. చేపలమ్మే వైపు, ఎవరో ఆమె తన గంప పక్కన కూర్చోబెట్టుకుంది. లిల్లీ ఏడవడం లేదు. నన్ను చూసి పరిగెత్తుకుని రాలేదు. చేతిలో నక్షత్రం నలిగిపోయి ఉంది. రిక్షాలో సగం దూరం వచ్చాక, చెయ్యి జారిపోయిందమ్మా, నీ పెద్దమ్మని క్షమించు అన్నాను.

"నువ్వు ఒగ్గలేదు. నానే ఒగ్గీసినాను."

ఎందుకని అడిగాను.

"అందరూ తాగుబోతంటన్నారు. సిగ్గేసింది."

డిసెంబరు 18

ఆయన కోప్పడలేదు. "ఇంక బజారుకి ఎల్లొద్దు" — అంతే. గౌను తనే కొనుక్కొచ్చాడు. పసుపు రంగు, ఒళ్ళు వదులు. "బాగుంది పెదనాన్నా" అంది లిల్లీ, మడత విప్పకుండానే.

డిసెంబరు 20

పద్మనాభం నుంచి అత్తమ్మ వచ్చింది, పండగకి కొత్త బియ్యం పట్టుకుని. మూట దించకముందే పైడమ్మ బజారు సంగతి చెప్పేసింది. వెంటనే అత్తమ్మ — "గుంటని నాతో తీస్కెళ్తాను. మళ్ళీ ఏ బజార్లో పారేసి వస్తావేటి?" నేను తల దించుకున్నాను. ఆ తర్వాత అత్తమ్మే పక్కన కూర్చుని, నా వీపు నిమిరి — "నిన్నంటం నేదే. నీ ఒళ్ళు నీ సేతిలో నేదు, నువ్వేటి సేత్తావ్."

రెండో మాటే ఎక్కువ గుచ్చుకుంది.

డిసెంబరు 25

ప్రార్థనకి అందరూ లేచారు. నేను లేవలేదు. మొదటిసారి కూర్చునే ఉన్నాను. పసుపు గౌనులో లిల్లీ ముందు వరసలో, వాళ్ళ మామ్మ చెయ్యి పట్టుకుని. ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. నేను నవ్వాను. అది చూసిందో లేదో.

డిసెంబరు 27

పద్మనాభం ఎంత దూరం? జనం రోజూ వచ్చి పనులు చేసుకుని పొద్దువాలేసరికి తిరిగి పోతారు. నాకు కాదు. కిందటిసారి బస్సులో, దారిలో ఉన్న ఆనందపురం దాకా కూడా పోలేక దిగిపోయి రోడ్డు పక్కన పడుకున్నాను. లిల్లీ అక్కడికి వెళ్తే అది రావాలి తప్ప నేను వెళ్ళి చూడలేను.

డిసెంబరు 29

లిల్లీని పంపే సంగతి ఆయన్ని అడిగేశాను. మీరేటంటారు అని. ఆయన అన్నం కలపడం ఆపాడు. ఆ తర్వాత — "నాను రోజంతా ఓడ మీదుంటాను. నీకొచ్చిందంటే ఇంట్లో ఎవులున్నారు? నువ్వు దాన్ని సూసుకోవాలా, అది నిన్ను సూసుకోవాలా? సెప్పు."

ఆయన పళ్ళెం పక్కకి పెట్టేశాడు.

జనవరి 1

రేపు పొద్దున్న బస్సు. అత్తమ్మ సంచీ సర్దుతోంది. లిల్లీ బట్టలు ఏవి, ఎక్కడున్నాయని అరుస్తోంది. వినపడనట్టు ఈ గదిలో కూర్చున్నాను.

ఇందాక లిల్లీ వచ్చి, కుడివైపు నిలబడి, చెవి దగ్గర — "పెద్దమ్మా, నన్ను పొమ్మంటావా, ఉండమంటావా?"

నీకేది ఇష్టం అన్నాను.

"నువ్వే సెప్పు. నువ్వెలాగంటే అలగే."

పైడమ్మకి చెప్పి వస్తానని వెళ్ళింది. వచ్చేలోగా నేను తేల్చుకోవాలి. ఉండమంటే, అది నా కోసం. పొమ్మంటే దాని కోసమేనా... దాని పక్కన నిలబడి ఆ బజారు మొహాలు మళ్ళీ చూడలేకనా? ఆ బజారు రోజు నుంచీ అది నా చెయ్యి పట్టుకోలేదు. నేనూ చాపలేదు.

గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడు. వస్తోంది.