ఆరో ఫారం ముందు, అయిదోది వెనక

వదినా,

నేను కులాసా. దగ్గు తగ్గింది, మందు మానేశాను.

సోమవారం మా బైండింగు షాపులో నా పరువు పోయింది. పదో తరగతి సైన్సు పుస్తకాలు కుడుతున్నాం. పదహారేసి పేజీల ఫారాలు వరసగా పేర్చి కుట్టాలి. నేను కంటి పాఠం దగ్గర ఆగి చదవడం మొదలెట్టాను. ఆ ధ్యాసలో ఆరో ఫారం ముందు, అయిదోది వెనక పెట్టి నలభై పుస్తకాలు కుట్టేశాను. ఓనరు చూసి, "కుడుతున్నావా, చదువుతున్నావా?" అన్నాడు. "చదువుతున్నానండీ" అని నోరు జారాను. నలభై విప్పించి, మళ్లీ కుట్టించాడు. సాయంత్రం ఇంటికి బయల్దేరుతుంటే మాత్రం, "తొమ్మిదితో ఎందుకాపావమ్మా? ప్రైవేటుగా పరీక్షకి కట్టు" అన్నాడు. కడుతున్నాను.

నా తొమ్మిదో తరగతి రికార్డు షీటు ఇనప్పెట్టె అడుగున ఉంటుంది. రిజిస్టరు పోస్టులో పంపు. వెనక గదిలో కారడం ఆగిందా? చిన్నది బడికి ఏడవకుండా వెళ్తోందా?

పదిలో లెక్కలు నాలుగు మార్కుల్లో పోయాయని పదిహేనేళ్లుగా చెప్పుకుంటూనే ఉన్నావు. అందుకే దరఖాస్తులు రెండు తెచ్చాను. రెండోదాని మీద నీ పేరు రాసేశాను.

అమ్మకి నమస్కారాలు, చిన్నదానికి ముద్దులు.

నీ ఆడపడుచు

అంచున కాస్త చోటుంది కాబట్టి: అన్నయ్యా, ఈ కార్డు ముందు నువ్వే చదువుతావని తెలుసు. వదినకి లెక్కలు చెప్పాల్సింది నువ్వే. విసుక్కోకు.