అడ్డంగా నిలబడిన ఆమె

సిరిసిల్ల,
ఆదివారం.

అమ్మీకి నాహీద్ సలాములు. ఇక్కడ నాకేమీ కొదవ లేదు. రాయికల్‌లో నువ్వూ, నీ మోకాళ్లూ, నీతో కూర్చుని బీడీలు చుట్టేవాళ్లందరూ బాగుండాలని నా దువా.

నాకు నీ ఉర్దూ రాత రాదు, నీకు నా తెలుగు రాదు. ఫోన్‌లో నా గొంతు వినగానే పెట్టేస్తావు. అందుకే నాది నీకు చదివి, నీది నాకు రాసే పక్కింటి ఊర్మిలక్కే మనిద్దరికీ పోస్టాఫీసు.

కిందటి ఉత్తరంలో సరిగ్గా తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. ఒక పూటకని వండితే మూడు పూటలు వస్తోంది. బడిలో తెలుగు చెప్పే ఈ పంతులమ్మకు ఒక్కదానికి ఎంత బియ్యం పోయాలో ఇంకా తెలియలేదు. మరమగ్గాల చప్పుడుకు తలనొప్పి రావడం లేదా అన్నావు. చప్పుడున్న రోజే నయం అమ్మీ. ఇవాళ మగ్గాలకు సెలవు. పొద్దుటి నుంచి గిన్నెలో నా చెంచా చప్పుడు నాకే వినపడుతోంది. ఒంటరిగా ఉంది. కథలు రాసేదాన్నే అయినా దీన్ని ఇంతకన్నా బాగా చెప్పలేను.

ఊర్మిలక్కా, ఆగు. ఇక్కడి నుంచి దగ్గు వచ్చినట్టు చేసి కళ్లతో చదువుకో.

అమ్మీ అడిగినట్టు నువ్వు ఇంకోటి కూడా రాశావు. రెండేళ్ల కింద వారపత్రికలో వచ్చిన నా కథ గురించి. కోరుట్లలో వలీమా దావత్, పెళ్లికొడుకు ఇంటి విందు. ఇంట్లో జ్వరంతో ఉన్న కూతురి కోసం తల్లి బిర్యానీని కవర్లో కట్టి బుర్ఖాలో దాచుకుంటుంది. అప్పుడు ఒకామె అడ్డంగా వచ్చి నిలబడి, పైట సర్దుకుంటున్నట్టు నటిస్తుంది. ఆమె ఎవరు, పేరెందుకు పెట్టలేదు అన్నావు.

ఆమె గురించి అడిగినవాళ్లు ఇప్పటిదాకా ఒక్కరూ లేరక్కా. నాకు అట్లాంటివాళ్లంటే ప్రాణం. పెద్ద పాత్రలను మోయాలి, బతిమాలాలి. వీళ్లు పిలవకుండా వస్తారు, రెండు వాక్యాల్లో పని చేసి వెళ్లిపోతారు. మొదట రాసినప్పుడు ఆమె లేదు. తల్లి ఒక్కతే కవరుకు ముడి వేసుకుంటోంది. చూడలేక ఆమెను తెచ్చి నిలబెట్టాను.

నువ్వు దొరికిపోయింది అక్కడే. కథలో తల్లి అమ్మీయే, ఆ దావత్‌లో ఉంది. అట్లా ఎవరూ నిలబడలేదని ఆమెకు తెలుసు. ఆమె ఎందుకు అడుగుతుంది?

పోయిన నెల జగిత్యాల బస్టాండ్‌లో ఆటోతో సత్తయ్య బావ కనపడ్డాడు. మీ ఆయన నోట్లో నువ్వుగింజ నానదు కదా.

"నీ పేరెత్తితే మీ అమ్మ బీడీల సాట అవతల వెట్టి లేస్తది. ఉత్తరాలన్ని మా ఆమెనే సొంతంగ రాస్తది. గని ఒక్కటి నాహీదూ, నీ ఉత్తరం సదివితె ఇంటది. 'నువ్వు అడిగినవ్' అని సదివినప్పుడల్ల, నేనెప్పుడడిగిన్న అని మాత్రం ఇప్పటిదాక అనలే."

ఆయన్ను తిట్టకు. నిజానికి ఏడాది నుంచే నాకు అనుమానం. అయినా జవాబులు రాస్తూనే ఉన్నాను. తిన్నావా అని నన్ను అడిగేవాళ్లు ఇంకెవరూ లేరక్కా. తప్పు నాది. ఆ కథను పదిమందిలో చదివించుకుని విన్న రోజు అమ్మీ, "నా ఇజ్జత్ తీసింది" అని లేచి పోయింది కదా. పేరు లేకుండా, ఒక మూలన బతుకుదామనుకున్న మనిషిని అడగకుండా తెచ్చి నడుమ కూర్చోబెట్టాను. ఆ కథ ఇక ఏ పుస్తకంలోనూ రాదు.

నాకోసం నువ్వు అడ్డం నిలబడింది చాలు. వచ్చే శుక్రవారం రావాలనుకుంటున్నాను. ఈసారి ఆమె అన్నది మాత్రమే రాయి. తిడితే తిట్టే రాయి. ఏమీ అనకపోతే ఖాళీ కాగితం పంపు, దాచుకుంటాను.

మిగిలింది వాకిట్లో ఎవరూ లేనప్పుడు గట్టిగా చదువు.

అమ్మీ, శుక్రవారం రానా? మాట్లాడకపోయినా సరే, పక్కన కూర్చుని బీడీ ఆకు కత్తిరిస్తాను. ఇంకో మాట. చిన్నప్పుడు జ్వరంలో నువ్వు తెచ్చి పెట్టిన ఆ అన్నం చాలా బాగుంది. ఒక్క మెతుకు మిగల్చలేదు. అందరికీ అన్నీ చెప్పాను గాని ఇది కథలో రాయలేదు, నీకూ చెప్పలేదు.

ఇట్లు,
నువ్వు పెట్టింది తిని పెరిగిన బిడ్డ,
నాహీద్