ఇసుక కప్పిన మడి

2001 నవంబర్ 14

వాన వెలిసింది. స్వర్ణముఖి ఏటి వరద వెనక్కి తగ్గింది. స్కూల్‌కి లీవ్ పెట్టి మా ఆయన హరినాథ్‌తో మడి దగ్గరికి వెళ్లాను. కోతకొచ్చిన వరి మీద మోకాటి లోతు ఇసుక. గట్టు ఎక్కడుందో ఆయన కాళ్లతో తడిమి వెతికాడు. దొరకలేదు.

నవంబర్ 27

అగ్రికల్చర్ ఆఫీసర్ వచ్చాడు. గుప్పెడు ఇసుక తీసి వేళ్ల సందుల్లోంచి జారవిడిచాడు. ఇందులో నీళ్లూ నిలవవు, ఎరువూ నిలవదు, వరి సంగతి మర్చిపోండి అన్నాడు. పశువుల మేతకు గడ్డి వేసుకోవచ్చట. మా ఆయన తలూపాడు. ఆఫీసర్ జీపు మలుపు తిరగ్గానే, "మా నాయన మడి ఇది. వరే పెడతా" అన్నాడు.

2002 జనవరి 20

ఇసుక మీదికి చెరువు మట్టి తోలుతున్నాం. నాకు హాలిడే అంటే ఇదే. బాగా టైర్డ్.

ఫిబ్రవరి 24

నాట్లు అయ్యాయి. పొద్దున కట్టిన నీళ్లు మధ్యాహ్నానికి ఉండవు. మోటార్ ఆపడం లేదు. ఆయన తిండీ నిద్రా అక్కడే. వదిలేద్దామని ఈ రోజు కూడా అనలేకపోయాను.

మార్చి 30, సాయంత్రం

పక్క పొలం రుక్మిణమ్మత్త బోరు ఎండిపోయింది. మా మోటారే లాగేసిందని ఊరంతా అంటున్నారు. ఆమె తిట్టలేదు. వచ్చి గట్టు మీద కూర్చుంది.

"హరినాథా, ఇసుక్కి పోసే నీళ్లు నా ఆవులకన్నా పొయ్యప్పా. అవి యాడికి పోతాయి?" అంది.

నాకు సిగ్గేసింది.

మార్చి 31

లేచేసరికి మోటార్ చప్పుడు లేదు. ఆయన రాత్రే పైపును రుక్మిణమ్మత్త ఆవుల తొట్టికి తిప్పాడట. తొట్టి నిండాక మోటార్ కట్టేశాడట. తెల్లారాక కంచె తీసి ఆమె ఆవుల్ని తనే మా మళ్లోకి తోలాడు. అవి పైరు మేస్తున్నంతసేపూ నిలబడే ఉన్నాడు. ఇంటికొచ్చి నాలుగు ముద్దలు తిని పడుకున్నాడు. నాకూ ఏడుపు రాలేదు. దానికైనా ఓపిక ఉండాలిగా.

మే 12

మడివైపు వెళ్లడమే మానేశాడు. గాలికి ఇసుక ఇంట్లోకి వస్తోంది. అన్నంలో కూడా.

జూన్ 23

నేనూ రుక్మిణమ్మత్తా మళ్లో గడ్డి విత్తనాలు చల్లాం. ఆయన్ని పిలవలేదు. పిలిస్తే రాడని కాదు, వస్తే ఆయన ముఖం చూడలేక.

జూలై 14

రెండు వానలు పడ్డాయి. గడ్డి మొలిచింది, పల్చగా. ఆయనకు చెప్పాను. "ఊ" అన్నాడు.

జూలై 15

ఆయన మంచం మీద లేడు. మళ్లో గడ్డి మధ్య బోర్లా పడుకుని ఉన్నాడు. పరుగెత్తుకెళ్లాను. కదిపితే, చల్లగుండాది అన్నాడు. నేనూ పక్కన పడుకున్నాను.