నా ఒక్కదాని బంద్

పుణె,
ఆదివారం మధ్యాహ్నం.

అన్నకు,

నీ చెల్లె రజిత దండాలు. నా ఒంట్లో బాగానే ఉంది, దాని గురించి రంది పెట్టుకోకు. అవ్వ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? వదిన, చిన్నోడు బాగున్నారా? మన మహబూబాబాద్‌లో తెలంగాణ కోసం రైళ్లు మళ్లీ ఆపుతున్నారని టీవీలో చూశాను. ఈ ఉత్తరం ఎప్పుడు చేరుతుందో, ఏ స్టేషన్లో కూర్చుంటుందో తెలియదు. అయినా రాస్తున్నాను.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. చేస్తే నీ జిరాక్స్ షాపులో మిషన్ చప్పుడుకు నువ్వు "ఆఁ, ఆఁ" అంటావు తప్ప ఒక్క ముక్క వినవు. అవ్వ చేతికిస్తే "తిన్నవా బిడ్డా?" అని అడుగుతుంది, అంతే, ఫోన్ పెట్టేస్తాను. అందుకే కాగితం తీశాను. నోరు తెరిస్తే మన మాటే వస్తుంది గానీ పెన్ను పట్టుకుంటే బడిలో సారు నేర్పిన తెలుగు వస్తుంది. చదివి నవ్వుకోకు.

ఇక్కడ వాన మన దగ్గర పడ్డట్టు పడదు. పొద్దంతా సన్నగా పడుతూనే ఉంటుంది, బట్టలు ఆరవు, గోడలు చెమ్మ వాసన. పప్పులో కూడా బెల్లం వేస్తారు, మొదటిరోజు పండగేమో అనుకున్నాను! ఇటువైపు ఎవరైనా వస్తుంటే వదినతో కారప్పొడి, చింతకాయ తొక్కు కట్టించి పంపు. ఎక్కువ వద్దు, నేనొక్కదాన్నే కదా.

నేనేం పని చేస్తానో నీకు ఇంకా అంతుపట్టలేదని తెలుసు. అవ్వ అందరికీ "కంప్యూటర్ కంపెనీల చేస్తది" అని చెప్తుందట. ఆ కంపెనీ మానేశాను కదా. అక్కడి పిల్లలు నా యాసను సినిమాల్లో చేసినట్టు చేసి చూపించి నవ్వేవాళ్లు, నేను కూడా వాళ్లతో కలిసి నవ్వేదాన్ని, ఒకరోజు నవ్వు రాలేదు. ఇప్పుడు సొంతంగా దుకాణాలకు వెబ్‌సైట్లు చేస్తాను. ఇల్లు కట్టడం అనుకో. మేస్త్రీని నేనే, రంగులు వేసేదాన్ని నేనే, కరెంటు పని నాదే, కట్టాక కాపలా కూడా నేనే. ఆఫీసరూ నేనే, అటెండరూ నేనే. కడుపు నిండుతోంది, బాగానే ఉన్నాను.

బాధల్లా ఒక్కటే. ఏదైనా బాగా కుదిరినప్పుడు "చూడు చూడు" అని పక్కకు తిరుగుతాను, గోడ ఉంటుంది. జనగామలో కంప్యూటర్ నేర్చుకున్నప్పుడు ఒక్కో మిషన్ ముందు ఇద్దరు ముగ్గురం తలలు ఆనించి కూర్చునేవాళ్లం, అప్పుడు విసుగొచ్చేది. ఇక్కడ నాతో రోజూ మాట్లాడే మనిషి ఒక్కతే, ఇల్లుగలామె కాకూ. అంటే పిన్నిలాంటి పిలుపు. భర్త లేడు, కూతురు పెళ్లయి దూరంగా ఉంది. కింద ఇంట్లో వంట చేసి హాస్టల్ పిల్లలకు డబ్బాలు పంపుతుంది. ఆమెకు ఒక వెబ్‌సైట్ చేసిచ్చాను. పిల్లలు రెండు పూటలా అందులో డబ్బా కావాలని నొక్కితే ఆమె ఫోనుకు మెసేజ్ వస్తుంది. దానికి బదులుగా సాయంత్రం నాకో డబ్బా, తలుపు దగ్గర కాసేపు కబుర్లు. ఆమె మాట్లాడేది మరాఠీ, హిందీ కలగలుపు. నా చెవికి మాత్రం మన మాటలాగే పడుతుంది, అందుకే అట్లాగే రాస్తాను.

పోయిన నెల బంద్‌కు ముందురోజు నువ్వు ఫోన్ చేశావు గుర్తుందా? "రేపు పట్టాల మీదనే వంట. అందరం గక్కడనే తింటం. నువ్వు ఉంటే మంచిగుండు రజితా" అన్నావు. నీ వెనక డప్పుల మోత, ఎవరో పెద్దగా నవ్వడం, వదిన వంట గంజుల కోసం కేకలేయడం. ఫోన్ పెట్టేశాక గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కటే మిగిలింది. నాకు ఏడుపొచ్చింది. ఊరంతా షట్టర్లు దించుతుంటే నాకు దించడానికి ఒక షట్టరైనా లేదే అనిపించింది. అప్పుడు తట్టింది, ఉన్నాయి కదా! నేను చేసిన సైట్లన్నిటి తాళాలూ నా దగ్గరే కదా.

తెల్లవారగానే మూడు సైట్లూ మూసేశాను. నల్లటి పేజీ పెట్టి "తెలంగాణ బంద్, ఈరోజు సెలవు" అని హిందీలో రాశాను. అన్నా, నిజం చెప్తున్నా, ఆ రోజు పొద్దున నేను మీ పక్కన పట్టాల మీద కూర్చున్నట్టే ఉంది. చాయ్ పెట్టుకుని తాగాను.

ఒకటి చీరల దుకాణానిది, ఒకటి ట్యూషన్ సారుది. తమ సైటు మూతపడిందని వాళ్లిద్దరికీ ఈరోజు వరకూ తెలియదు. నా బంద్ ఘనత అదీ! మూడోది కాకూది.

మధ్యాహ్నం ఆమె ఫోన్ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. "జర చూడు పోరీ, నా ఫోన్ ఖరాబైనట్టుంది. పొద్దుగాల సంది ఒక్క మెసేజ్ లేదు. రోజు లెక్కనే పప్పు ఉడకబెట్టిన, పిండి పిసికిన. పొరగాళ్లు ఏం తిన్నరో ఏమో."

"ఫోన్ మంచిగనే ఉంది కాకూ. నేనే మూసిన. ఇయ్యాల మా బంద్" అన్నాను.

"బంద్ ఎవరిది?"

"మాది."

"దుకాణం ఎవరిది?"

"మీది."

"మరి నాకొక్క మాట చెప్తే ఏమైతుండె?"

అంతే అడిగింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. రెయిలింగ్ పట్టుకుని మెల్లగా దిగిపోయింది. బంద్‌కు ముందురోజు సాయంత్రం మీరంతా బజార్లో దుకాణం దుకాణం తిరిగి "అన్నా, రేపు బంద్, జర సహకరించుండ్రి" అని దండం పెట్టి చెప్తారు కదా. పాలవాళ్లను, మందుల దుకాణాన్ని వదిలేస్తారు కదా. నేను ఎవరికీ దండం పెట్టలేదు. పడుకున్న మనిషి ఇంటికి బయట గొళ్లెం పెట్టినట్టు చేశాను.

సాయంత్రం డబ్బా రాలేదు. మర్నాడూ రాలేదు. క్షమించమని అడగడానికి వెళ్తే "పని ఉన్నది" అని లోపలికి పోయింది. రెండోసారి వెళ్తే "నా దుకాణం తాళం నాకియ్యి" అంది. న్యాయమే. సైటు తెరవడానికీ మూయడానికీ ఒక మీట చేసి, కూతురు వదిలిపోయిన పాత కంప్యూటర్లో పెట్టి చూపించాను. నొక్కి చూసుకుంది, తల ఊపింది, అంతే. ఆ రోజుల్లో నేను ఎవరితోనూ మాట్లాడలేదన్నా. ఒక్కోరోజు సాయంత్రం వరకూ నా గొంతు నాకే వినపడేది కాదు. మీతో ఫోన్లో బాగున్నా బాగున్నా అన్నాను గానీ, బాగాలేను. ఉన్న ఒక్క మనిషినీ నా చేతులతోనే పోగొట్టుకున్నానని కుమిలిపోయాను. ఇల్లు ఖాళీ చేసి వచ్చేద్దామని సంచి కూడా దించాను. ఇప్పుడు కాదులే, రంది పడకు.

మొన్న మళ్లీ బంద్ అని నువ్వు చెప్పావు కదా. సాయంత్రం కిందికి దిగాను. కాకూ వాకిట్లో బెండకాయలు కోస్తోంది. బజార్లో మీరు చేసినట్టే చేతులు జోడించాను.

"కాకూ, రేపు మా దగ్గర బంద్. నీ పేజీ జోలికి నేను రాను. ఊకె చెప్పిపోదామని వచ్చిన."

తల ఎత్తలేదు. "ఇన్న" అంది.

మర్నాడు మధ్యాహ్నం చూస్తే కాకూ సైటు మూసి ఉంది. నేను చేసిన మీటే పాడైందనుకున్నాను. ఎక్కడ తప్పిందో వెతుకుతూ మీట కోసం కంప్యూటర్లో రాసిందంతా పైనుంచి కిందికి చదివాను. ఏమీ తప్పలేదు. ఎవరో నొక్కితేనే మూతపడింది. పరుగెత్తుకుంటూ కిందికి వెళ్లాను. కాకూ పొయ్యి ఆర్పేసి గడప మీద కూర్చుని ఉంది.

"పొద్దుగాల డబ్బాలు పంపిన. పొరగాళ్లను ఉపాసం ఉంచద్దు గదా. రాత్రి వంట బంద్ పెట్టిన" అంది.

"ఎందుకు కాకూ?"

"చెప్పినవ్ గదా."

మళ్లీ ఆమే అంది, "ఇప్పుడేం చెయ్యాలె? బంద్ నాడు మీ ఊర్ల ఏం చేస్తరు?"

"రోడ్డు మీదికొచ్చి అందరు కలిసి వండుకుంటరు."

"వంట బంద్ పెట్టి మళ్ల వంటనా!" అని కాకూ పడీపడీ నవ్వింది. నవ్వుతూనే లేచి చిన్న స్టవ్ వాకిట్లోకి లాగింది. సన్నగా జల్లు పడుతుంటే రేకు కింద కూర్చుని ఇద్దరం కిచిడీ వండుకున్నాం. నాకోసం బెల్లం వేయలేదు, పచ్చిమిరపకాయలు నాలుగు ఎక్కువే వేసింది. కళ్లలో నీళ్లు తిరిగితే కారం అనుకుంది. కారం కాదన్నా.

ఇంతే సంగతులు. అవ్వ కాళ్లకు నా బదులు నువ్వు మొక్కు, ఆమె దీవెన ఉంటే నాకు ఏ కష్టమూ లేదు. వదినకు నమస్కారం, చిన్నోడికి ముద్దులు. ఘనపూర్ చిన్నవ్వ వస్తే నేను అడిగినట్టు చెప్పు. రాత్రిపూట పట్టాల మీద కూర్చునేటప్పుడు తలకు మఫ్లర్ కట్టుకో, నీకు చల్లగాలి పడదు.

మళ్లీ బంద్ ఎప్పుడో ఒకరోజు ముందే చెప్పు. కాకూ అడుగుతోంది, పప్పు తక్కువ నానబెట్టుకుంటుందట.

మీ అందరి దీవెన కోరే,
నీ చెల్లె
రజిత