చప్పటి టీ

అక్కా, ఇన్సూరెన్స్ ఏజెంటుగారు ఈ రోజు మన నరసాపురం ఇంటికి వచ్చారు. నువ్వు పోయాక ఇదే మొదటిసారి రావడం. అప్పట్లో నీ హెల్త్ పాలసీ ఫారం నింపుతూ, "షుగరు లేదని రాసేద్దామండి" అన్నది ఆయనే. నువ్వు లేసు అల్లడం ఆపి, ఇంకా ముట్టని నీ గ్లాసు ఆయన ముందుకు జరిపావు.

"లేకపోతే ఈ చప్పటి టీ ఎవరి కోసమండీ?"

ఉందని రాస్తే కంపెనీ పాలసీ ఇవ్వనంది. ఆ కబురు విన్నాక కూడా నువ్వు దర్జాగా మళ్ళీ సూది అందుకున్నావు.

ఇప్పుడు షుగరు నాకూ వచ్చింది. ఆ మాట చెప్పగానే ఆయన నా పాలసీ ఫారంలో "ఉంది" అని రాసుకున్నారు. పాలసీ ఇస్తారట, షుగరు వైద్యానికి మాత్రం కొన్నేళ్ళు ఆగాలట.

టీ పెడతానంటే పంచదార వద్దన్నారు.

"నాకూ వచ్చిందండి. నా ఫారంలోనూ ఉందనే రాశాను, మీ అక్కగారు గుర్తొచ్చి."