అందరిదీ ఒకే అభ్యంతరం

ప్రియమైన నాన్నకి,

కోపంగానే రాస్తున్నాను. అయినా ఆ 'ప్రియమైన' కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు. మూడు రోజులుగా ఇంటికి రాకుండా, నేను పనిచేసే బైండింగు షాపు అటక మీదే ఉంటున్నాను. ఒకచోట కాలు నిలవడం లేదు.

ఊరి నిర్మాణ నిబంధనలు మారుస్తున్నారు. ఇళ్లున్న వీధుల్లో యంత్రంతో ఏ పనీ చెయ్యకూడదని ముసాయిదాలో ఉంది. అంటే మన ముందుగదిలో నీ కుట్టుమిషన్ మూలపడుతుంది. అభ్యంతరాలు చెప్పమని ప్రజల్ని అడిగారు కాబట్టి, షాపులో పడున్న పాత ఉద్యమ కరపత్రాలన్నీ ముందేసుకుని రాశాను. "శ్రమజీవుల గొంతు నులిమే కుట్ర" అని మొదలుపెట్టి నూటనలభై కాపీలు తీయించాను. వీధంతా సంతకాలు పెట్టింది, నువ్వు తప్ప. "ఒరేయ్, నా గోడు నేను చెప్పుకుంటాను. అరువు మాటలు నాకెందుకురా?" అన్నావు, గుడ్డ మీంచి తల ఎత్తకుండానే. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ల ముందే నిన్ను పిరికివాడన్నాను. తప్పన్నానని ఇప్పటికీ అనుకోవడం లేదు. ఎవరి మాట నెగ్గుతుందో రేపు విచారణలో తేలుతుంది.

పెద్దోడు


నాన్నా,

నీ మాటే నెగ్గింది.

విచారణ జరిగిన ప్లానింగు ఆఫీసులో గుమాస్తాగా ఉన్నావిడ నా కట్ట అటూ ఇటూ తిప్పి చూసింది. "ఒకే రాత ఎన్ని కాపీలున్నా ఒకటే అభ్యంతరం, అబ్బాయ్."

"నూటనలభై మంది మనుషులండీ!"

"మాట ఒక్కటేగా. అదైనా ఏ నిబంధన మీదో రాయలేదు. కుట్ర అంటే ఏ గడిలో ఎక్కించను?"

నా వెనకాలే మన వీధిలో బట్టలు ఇస్త్రీ చేసే అత్త. "అంత అరిచావు, నా ఇస్త్రీపెట్టె ఊసెక్కడరా అందులో?" అంది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తర్వాత నువ్వు పంపిన కాగితం చదివారు. "నా మిషన్ కాలితో తొక్కేది. నేనాగితే అదీ ఆగుతుంది. యంత్రమంటే ఏదో ముందు రాయండి." అధికారి మళ్లీ చదివించుకున్నాడు. ఆ నిబంధన తిరగరాస్తామని, అభ్యంతరాలకు గడువు ఇంకో పది రోజులు పెంచుతున్నామని చెప్పాడు.

అప్పట్నుంచీ మన ఇల్లు తప్ప వీధిలో ఇల్లిల్లూ తిరుగుతున్నాను. ఎవరి గోడు వాళ్లు చెబుతారు, నేను రాస్తాను. నోరు మూసుకుని కూర్చోవడం ఇంత కష్టమని నాకు తెలియదు. నిన్ను ఆ మాటన్నదీ ఈ నోరే. క్షమించు నాన్నా.

ఇక నా అభ్యంతరమొక్కటే మిగిలింది. ఏ వాక్యం రాసినా ఎక్కడో చదివిందే వస్తోంది. కొట్టేసి కొట్టేసి చివరికి ఒక్కటి మిగిలింది: "మా నాన్న పని ఇంట్లో లేకపోతే, నేను ఆయన్ని చూసేదెప్పుడు?"

దీన్ని అభ్యంతరమంటారో లేదో నాకు తెలియదు. సాయంత్రం వస్తాను, చూసి చెప్పు.

నీ పెద్దోడు