శుక్రవారం ప్రార్థనలో నీ డప్పు

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ గల్ఫ్ మీదికొచ్చిన యుద్ధం ఆగినందుకు మొన్న శుక్రవారం సెలవునాడు రియాద్‌లో, మన ప్రార్థనలకు ఇక్కడ అనుమతి లేదు కాబట్టి, మా కూలీల క్యాంపు గది తలుపులేసుకుని స్తుతి ప్రార్థన పెట్టుకున్నాం. నేను వెంట తెచ్చుకున్న నీ డప్పును స్టవ్ సెగకు కాచాను.

"సావుకు గొట్టేది దేవుని ముంగటనా? బయట వెట్టు," అన్నాడు ప్రార్థన నడిపే రాజన్న. ఊళ్లో చర్చివాళ్లు నిన్నూ ఇదే మాటతో బయట నిలబెట్టారు. నాకు ఒళ్లు మండింది.

"బైబిల్ సదువుతున్నవా, ఉత్తగనే మోస్తున్నవా అన్నా? సముద్రం దాటినంక ఇశ్రాయేలు ఆడోళ్లు దేవుణ్ని పొగుడుకుంట కొట్టింది గిదే," అని బైబిల్ నిఘంటువులో బొమ్మ చూపించాను. గుండ్రటి చట్రం, బిగించిన తోలు, అచ్చం నీ డప్పే.

రాజన్న బొమ్మనూ డప్పునూ చూసి పక్కకు జరిగాడు. "కూసో. మెల్లగ గొట్టు, బయటికి ఇనబడితె అందరం జైలుకు పోతం."

వేలికొసలతోనే కొట్టాను బాపూ, నీ దరువే. అయ్యాక "ఎవలు నేర్పిండ్రురా?" అన్నాడు. నీ పేరు మాత్రం గట్టిగా చెప్పాను.